ఇంటి కంప్యూటర్‌కు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అవసరమా, చేత్తో కాపీ చేసుకుంటే చాలదా?

హంద్రీతీరం (కర్నూలు):

అందరికీ నమస్కారం. పండుగకు ఇంటికి వచ్చిన మా తమ్ముడు, నేను బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు పరీక్షిస్తూ కూర్చోవడం చూసి, "ఆదివారానికి ఒకసారి ఫోల్డర్లన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుంటే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకన్నా?" అని అడిగాడు. మూడేళ్ళపాటు నేను ఆ పనే చేశాను కనుక, అది ఎందుకు సరిపోదో ఇక్కడ వివరిస్తాను. కాదనేవారు కారణాలతో చెప్పాలని కోరుతున్నాను.

మా నాన్నగారు తమ ఊరి సంగతులను నోటుపుస్తకాల్లో రాసిపెట్టారు. వాటిని నేను 140 పేజీల వర్డ్ ఫైలుగా టైపు చేసుకున్నాను. ఒక రాత్రి అందులో ఒక అధ్యాయాన్ని వేరేచోటికి మార్చబోయి, దాదాపు 60 పేజీలు తొలగించి, గమనించకుండానే సేవ్ చేశాను. ఆదివారం నాడు అలవాటు ప్రకారం కాపీ చేస్తుండగా, పాత ఫైలు స్థానంలో కొత్తది ఉంచాలా అని కంప్యూటర్ అడిగింది, అవునన్నాను. డిస్కులో భద్రంగా ఉన్న మంచి ప్రతి ఆ ఒక్క నొక్కుతో పోయింది. విషయం తెలిసేసరికి మరో ఆదివారం కూడా గడిచిపోయింది.

కాపీ చేసేటప్పుడు మన దగ్గర ఉండేది నిన్నటి రూపం మాత్రమే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అయితే పదిరోజుల కిందటి రూపాన్నీ, నెల కిందటి రూపాన్నీ దాచిపెడుతుంది. మొదటిసారి అంతా తీసుకుని, ఆ తరువాత మారిన భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది కాబట్టి స్థలం కూడా అంతగా పట్టదు. మొత్తం డిస్కు కోసం వీమ్ ఏజెంట్ ఉచిత కూర్పునూ, ఫోల్డర్ల కోసం రెస్టిక్‌నూ మూడు వారాలు వాడి చూశాను. రెస్టిక్ ఆదేశాలు టైపు చేసి నడపవలసినది కనుక మొదట్లో కొంత ఇబ్బంది పడ్డాను.

అయితే ఈ పరీక్షలో నేను నేర్చుకున్న ముఖ్య విషయం వేరే ఉంది. మొదటి వారం రోజూ పని విజయవంతంగా ముగిసిందని తెర మీద కనిపిస్తూనే ఉంది. ఎనిమిదో రోజున, మూలనున్న పాత ల్యాప్‌టాప్‌లోకి అన్నింటినీ రిస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకుని, చూస్తే, మా ఆవిడ ఫోన్ నుంచి దించుకున్న ఫొటోల ఫోల్డర్ ఎక్కడా లేదు. అది డీ డ్రైవ్‌లో ఉంది. రెస్టిక్ కోసం నేను ఎంచుకున్నది సీ డ్రైవ్‌లోని యూజర్ ఫోల్డర్‌ను మాత్రమే. సాఫ్ట్‌వేర్ చెప్పింది అబద్ధం కాదు, అడిగినదాన్ని పూర్తిగా భద్రపరిచింది. అందువల్ల తిరిగి తెచ్చుకుని చూడనంతవరకు, ఏ సాఫ్ట్‌వేర్‌నైనా పరీక్షించాననడం సరికాదని నా అభిప్రాయం.

గడియారస్తంభం (అనంతపురం):

కర్నూలు మిత్రులకు నమస్కారం. కంప్యూటర్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నవాడిగా మీతో విభేదిస్తున్నాను. నా దగ్గరికి డిస్కు పట్టుకుని వచ్చేవారిలో, బ్యాకప్ లేక ఏడ్చినవారు ఎంతమంది ఉన్నారో, బ్యాకప్ ఉండి కూడా తెరవలేక తిరిగివెళ్ళినవారూ అంతమంది ఉన్నారు. ఒక ఉపాధ్యాయురాలి భర్త అన్నింటినీ పాస్‌వర్డ్ పెట్టి భద్రపరిచారు. ఆయన పోయిన తరువాత ఆ పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మీరు చెప్పిన రెస్టిక్‌లోనూ పాస్‌వర్డ్ మరిచిపోతే సమాచారాన్ని బయటికి తీసే దారి లేదు. ఆ అమ్మ గంటసేపు కుర్చీలో కూర్చుని, తనకు గుర్తున్న పుట్టినరోజులూ బండి నంబర్లూ ఒక్కొక్కటే చెబుతూ ఉంటే, నేను టైపు చేస్తూ పోయాను. ఏదీ పనిచేయలేదు.

ఉచిత సాఫ్ట్‌వేర్ ఎల్లకాలం ఉంటుందనీ అనుకోరాదు. ఎంతోమంది నమ్ముకున్న మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత కూర్పుకు 2024 జనవరి 1తో అప్‌డేట్లు ఆగిపోయాయి. మామూలుగా కాపీ చేసిన ఫొటో మాత్రం ఏ కంప్యూటర్‌లోనైనా, ఇంట్లో ఎవరైనా తెరవగలరు. మీ నాన్నగారి ఫైలుకు జరిగినదానికి మందు వేరే ఉంది: ఫోల్డర్లను కాపీ చేసిపెట్టే ఫ్రీఫైల్‌సింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వెర్షనింగ్ పెట్టుకుంటే, మారిన ఫైలు పాత రూపాన్ని తేదీతో సహా వేరే ఫోల్డర్‌లో మామూలు ఫైలుగానే ఉంచుతుంది.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

నేను డీటీపీ పని చేస్తాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి వేలకొద్దీ ఉన్నాయి. అవి అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ అక్షరాలు కావు కనుక, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అనంతపురం సోదరులు చెప్పినట్టు ఫైళ్ళు ఒక్కటే కాపీ చేసుకుంటే, నా చేతికి వచ్చేవి చదవలేని ఫైళ్ళే. నాలాంటివారికి ఫాంట్లూ సెట్టింగులతో సహా మొత్తం డిస్కు ఇమేజ్, అంటే విండోస్‌తో సహా డిస్కులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా తీసిన ప్రతి, కావాలి.

ఇంకొక మాట. డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. 2017 మే నెలలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటిది ఇంట్లోకి వస్తే, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కులోని ఫైళ్ళకూ తాళం వేస్తుంది.

హంద్రీతీరం (కర్నూలు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాస్‌వర్డ్ గురించి గడియారస్తంభం గారు చెప్పింది చదివి, నాది ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాల కవరులో పెట్టి, మా ఆవిడకు చూపించాను. ఫొటోల విషయంలో ఆయన మాటే సరైనదని ఒప్పుకుంటున్నాను. నేను లేకపోయినా మా పిల్లలు తెరవగలగాలి. వాటిని ఫ్రీఫైల్‌సింక్‌కు మార్చాను. రోజూ మారే రాతపనికి మాత్రం రెస్టిక్‌ను వదలను, ఎందుకంటే నాకు మరుపు ఎక్కువ, విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకుంటే అది నిర్ణీత సమయానికి తనంతట తానే నడుస్తుంది.

మీరిద్దరూ చెప్పని సంగతి ఒకటుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు మా ఊళ్ళోకి వచ్చినప్పుడు, మా ఇంట్లో కంప్యూటర్ బల్ల కింద ఉంది, బ్యాకప్ అని రాసుకున్న సీడీలు అదే గదిలో బీరువా కింది అరలో ఉన్నాయి. నీళ్ళు తీశాక, బురద పట్టిన సీడీల మీద మా చెల్లెలి పెళ్ళి తేదీ ఒక్కటే చదవగలిగాము. అందుకని ఇప్పుడు రెండు డిస్కులు పెట్టుకున్నాను. ఒకటి నంద్యాలలో మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. వాడు వచ్చినప్పుడల్లా మార్చుకుంటాము. ఇంటర్నెట్‌లో గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ స్థలం మా ఫొటోలకు చాలదు. పైగా ఇంటర్నెట్‌లోని ప్రతితో ఎప్పటికప్పుడు సరిపోల్చుకుంటూ సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది కనుక, దాన్ని బ్యాకప్ లెక్కలో వేయలేను.

గడియారస్తంభం (అనంతపురం):

ఫొటోల సంగతి ఒప్పుకున్నందుకు సంతోషం. రాతపని విషయంలో నా అభిప్రాయం మారలేదు. ప్రొద్దుటూరు సోదరులకు ఒక మాట: పాత యంత్రం ఇమేజ్‌ను కొత్త యంత్రంలో పెడితే, యంత్ర భాగాలను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు కుదరక విండోస్ మొదలుకాకపోవడం నేను చూశాను. ఫాంట్లనూ, వాటి ఇన్‌స్టాలర్లనూ ఒక ఫోల్డర్‌లో విడిగా కూడా దాచుకోండి. ఇంతకీ, కర్నూలు మిత్రమా, మీ నాన్నగారి 60 పేజీలు ఏమయ్యాయి?

హంద్రీతీరం (కర్నూలు):

నోటుపుస్తకాలు ఇంకా ఉన్నాయి కనుక మళ్ళీ టైపు చేస్తున్నాను. 41 పేజీలు అయ్యాయి. నిన్న రాత్రి పాత ల్యాప్‌టాప్‌లోకి రిస్టోర్ చేసి తెరిస్తే, ఆ 41వ పేజీ చివరి వాక్యం వరకూ వచ్చింది.