వలసపాలన ముగిసిన దేశాల్లో జాతీయవాదం ఎవరిని బయటికి నెడుతోంది?

ప్రశ్న:
వలసపాలకులపై పోరాడినప్పుడు భిన్న భాషల, మతాల ప్రజలను ఒక్కతాటిపైకి తెచ్చిన జాతీయవాదమే, స్వాతంత్ర్యం వచ్చాక అదే గడ్డపై పుట్టినవారిని పరాయివారిగా ముద్రవేయడం చాలా దేశాల్లో కనిపిస్తుంది. ఈ వెలివేతకు ప్రపంచీకరణే కారణమా, లేక అది పాత పుండును రేపింది మాత్రమేనా? తెలిసినవారు ఉదాహరణలతో వివరించగలరు.

మొదటి జవాబు:
పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ చరిత్ర చూస్తే ప్రపంచీకరణ పాత్రను తోసిపుచ్చలేం. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక తొలి అధ్యక్షుడు హూఫుయే బోయిన్యీ, భూమి సాగుచేసేవారిదేనంటూ, నేటి బుర్కినా ఫాసో, మాలి ప్రాంతాల నుంచి వచ్చినవారిని కోకో సాగుకు ప్రోత్సహించాడు. వారు స్థానిక భూయజమానులకు కానుకలు సమర్పించుకుని, అడవి కొట్టి తోటలు వేసి, తరాలపాటు అక్కడే స్థిరపడ్డారు. 1980ల చివర్లో అంతర్జాతీయ మార్కెట్లో కోకో ధర కుప్పకూలింది. అప్పులిచ్చిన సంస్థల షరతులతో ప్రభుత్వ వ్యయానికి కోతపడింది. 1994 జనవరిలో అక్కడి కరెన్సీ అయిన సీఎఫ్‌ఏ ఫ్రాంక్ విలువను సగానికి తగ్గించారు. నగరాల్లో బతుకుదెరువు దొరకక ఊళ్లకు తిరిగివచ్చిన యువకులకు, తాతల నాటి భూముల్లో ఇతరుల తోటలు ఎదురయ్యాయి. కోకో ధరను శాసించే శక్తి ప్రభుత్వానికి లేదు, ఎవరు పౌరులో తేల్చే అధికారం మాత్రం మిగిలింది. దాన్నే అది వాడుకుంది. బోయిన్యీ తర్వాత అధ్యక్షుడైన బెదియే హయాంలో, తల్లిదండ్రులిద్దరూ పుట్టుకతో స్వదేశీయులైతేనే అధ్యక్ష పదవికి పోటీచేయాలన్న నిబంధన 1994లో, గ్రామీణ భూమిపై యాజమాన్యాన్ని పౌరులకే పరిమితం చేసిన చట్టం 1998లో వచ్చాయి. 2002లో అంతర్యుద్ధం మొదలైంది.

రెండవ జవాబు:
పై వివరణ ఆ దేశానికి సరిపోతుంది గానీ, దాన్ని సూత్రంగా తీసుకోలేం. సిలోన్‌లో (నేటి శ్రీలంక) భారత్ నుంచి వచ్చిన తేయాకు తోటల తమిళులను పౌరసత్వానికి దూరంచేసిన చట్టం 1948లోనే, అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే వచ్చింది. మరుసటి ఏడాది వారి ఓటుహక్కూ పోయింది. దేశానికి విదేశీమారకం తెచ్చిపెట్టే పంట వారి చేతుల మీదుగానే ఎగుమతయ్యేది, వారు మాత్రం ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1964 ఒప్పందంలో భారత్, సిలోన్ ప్రభుత్వాలు వారిలో 5,25,000 మందిని భారత్‌కు, 3,00,000 మందిని సిలోన్‌కు పంచుకున్నాయి. ఆ మనుషుల ఇష్టాయిష్టాలను అడిగినవారు లేరు. మిగిలిపోయినవారికి పౌరసత్వమిచ్చిన చట్టం 2003లో, అంటే మీరు నిందిస్తున్న ప్రపంచీకరణ కాలంలోనే వచ్చింది. కూలీలను సముద్రం దాటించి తోటలకు తరలించిన వలసపాలననాటి వాణిజ్యమే అసలు మూలమని నా అభిప్రాయం.

మూడవ జవాబు:
ఇద్దరూ చట్టాల గురించే మాట్లాడుతున్నారు. 2008 మే నెలలో దక్షిణాఫ్రికా పేదల బస్తీల్లో విదేశీయులపై జరిగిన దాడుల్లో 62 మంది చనిపోగా, వారిలో 21 మంది ఆ దేశ పౌరులే. గుంపు ముందు గుర్తింపుకార్డు చెల్లదు. యాస, ఒంటిరంగు, ఇంటిపేరు చూసి తీర్పు చెప్పేస్తారు. ఐవరీ కోస్ట్‌లోనూ ఉత్తరాది ముస్లిం పేర్లున్న పౌరులు తనిఖీ కేంద్రాల వద్ద ఇదే అనుమానాన్ని ఎదుర్కొన్నారు.