కొత్త ఫోన్‌లో యూనివర్సిటీ వైఫై కలుస్తలేదు, తెలిసినోళ్లు చెప్పండి

అందరికి నమస్కారం. మాది ములుగు దిక్కు పల్లె, హన్మకొండల హాస్టల్‌ల ఉండి పీజీ చదువుతున్న. నా పాత ఆండ్రాయిడ్ 9 ఫోన్ల ఎడ్యురోమ్ (మా యూనివర్సిటీల నడిచే వైఫై) ఏడాది పొడుగునా మంచిగనే నడిచింది. మొన్న ఆండ్రాయిడ్ 14 ది కొన్న, అప్పటిసంది తిప్పలే.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పు కాదు, ల్యాప్‌టాప్‌ల అవే పనిచేస్తున్నయి. వైఫై సెట్టింగ్‌ల లాగిన్ పద్ధతులు పీఈఏపీ, ఎంఎస్‌చాప్‌వీ2 పెట్టిన. చిక్కంత సీఏ సర్టిఫికెట్ (లాగిన్ సర్వర్ అసలుదే అని ఫోన్ చూసుకునేది) దగ్గర్నే. పాత ఫోన్ల ‘వ్యాలిడేట్ చేయొద్దు’ అని ఒకటుండె. ఆండ్రాయిడ్ 11 తర్వాత అప్‌డేట్లల్ల దాన్ని తీసేసిన్రు. అదే పేరుతోని ఎవరన్న దొంగ వైఫై పెడితే మన పాస్‌వర్డ్ పోవద్దని గదా, మంచి పనే. కని ఇప్పుడు ‘సిస్టమ్ సర్టిఫికెట్లు’ ఎంచుకుంటే డొమైన్ అడుగుతున్నది. మెయిల్ ఐడీల @ గుర్తు తర్వాతది రాసిన, ‘సేవ్డ్’ అని ఆగిపోతున్నది.

అక్కడ రాయాల్సింది యూనివర్సిటీ డొమైనా, లాగిన్ సర్వర్ పేరా? ఈ సెట్టింగ్‌లు తానే పెట్టే గెట్‌ఎడ్యురోమ్ యాప్‌తోని ఎవరికన్న అయిందా? ర్యాండమ్ మ్యాక్ (ఫోన్ అసలు గుర్తింపు నంబర్‌కు బదులు వేరేది చూపిచ్చేది) బంద్ చేయాల్నా?

ప్రాజెక్టుకు కావాల్సిన జర్నల్స్ క్యాంపస్ నెట్‌ల తప్ప తెరుచుకుంటలేవు. గైడ్‌కు సోమవారం చూపియ్యాలె. అన్నలు, అక్కలు, జర చెప్పండి.