మూర్ఛ ఉన్న కుక్కను 24 రోజులు ఎవరికి అప్పగించి వెళ్లాలి?

ప్రశ్న:

వచ్చే నెలలో మేమిద్దరం 24 రోజుల పాటు విదేశానికి వెళ్లవలసి ఉంది. మా దగ్గర తొమ్మిదేళ్ల ఆడకుక్క ఉంది. దానికి రెండేళ్లుగా మూర్ఛ వస్తున్నందున, 12 గంటలకొకసారి ఫినోబార్బిటాల్ మాత్ర వేస్తున్నాము. నోట్లో పెట్టగానే మింగినట్టే కనిపిస్తుంది కానీ, దవడలో దాచుకుని మనం అటు తిరగగానే మంచం కింద ఉమ్మేస్తుంది. అందుకని ముద్దలో పెట్టి, మింగేదాకా గొంతు నిమురుతూ దగ్గరే కూర్చుంటాను. దీనిని బోర్డింగ్‌లో (డబ్బు తీసుకుని కుక్కలను చూసుకునే చోట) వదలడం మంచిదా, మనిషిని మా ఇంట్లోనే ఉంచడం మంచిదా, లేక వెంట తీసుకువెళ్లడమే మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:

వెంట తీసుకువెళ్లే ఆలోచన మానుకోండి. ఐరోపా సమాఖ్య దేశాలకైతే మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వేయించి, ఆ తరువాత మొదటి రేబిస్ టీకా వేయించి, కనీసం 21 రోజులు ఆగాలి. అనేక దేశాల నుంచి జపాన్‌కు వెళ్లేటప్పుడైతే, రేబిస్ టీకా పనిచేసిందో చూసే రక్తపరీక్షకు నమూనా తీసిన రోజు నుంచి 180 రోజులు వేచి ఉండాలి. మూడు వారాల ప్రయాణం కోసం జబ్బున్న కుక్కను ఇంత శ్రమ పెట్టడం న్యాయం కాదు.

జవాబు 2:

మీ కుక్కకు ఇంట్లో మనిషిని ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. నా కుక్కకూ మూర్ఛ ఉండేది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఈ మందును ఉన్నట్టుండి ఆపితే మూర్ఛలు మరింత తీవ్రంగా తిరగబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి, వచ్చే మనిషికి కుక్కలంటే ఎంత ప్రేమ ఉన్నదో చూడటం కన్నా, మాత్ర నిజంగా కడుపులోకి వెళ్లిందో లేదో నిలబడి చూసే ఓపిక ఉన్నదో లేదో చూడటం ముఖ్యం. ప్రయాణానికి ముందే ఆయనను నాలుగైదు సార్లు పిలిచి, మీరు పక్కన కూర్చుని ఆయన చేతనే మాత్ర వేయించండి. ఆ తరువాత రెండు రాత్రులు మీరు వేరేచోట ఉండి, ఇంటిని ఆయనకే వదిలి చూడండి. నేను అలా చేసినందువల్లనే, మొదట కుదిరిన మనిషి రాత్రి మాత్ర మరిచి నిద్రపోయిన సంగతి నాకు ముందుగా తెలిసింది.

మూర్ఛ వచ్చినప్పుడు నోట్లో చేయి పెట్టకూడదని, తల కింద మెత్తటి గుడ్డ వేసి గడియారం చూడాలని, ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజు మళ్లీ మళ్లీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలని కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మీరు ఫోన్‌కు అందకపోతే చికిత్స ఆగిపోకుండా, ఎంత ఖర్చు వరకు మీ అనుమతి ఉన్నదో తెలిపే సంతకం చేసిన లేఖను వెట్ (పశువైద్యుడు) దగ్గర ఇచ్చి వెళ్లండి. మందు 24 రోజులకు సరిపడా కాకుండా, మరో పది రోజులకు అదనంగా ఉంచండి. విమానం రద్దయితే ఎవరూ పరుగెత్తవలసిన పని ఉండదు.

జవాబు 3:

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే తగిన మనిషి దొరకకపోతే, ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న బోర్డింగ్‌ను చూడండి. రాత్రి అక్కడ మేలుకుని ఉండేది ఎవరని తప్పక అడగండి. తాళం వేసుకుని వెళ్లిపోయే చోట రాత్రి వచ్చిన మూర్ఛ ఎవరి కంటా పడదు. అనేక కుక్కలు ఒకచోట ఉంటే కెన్నెల్ దగ్గు (కుక్కల నుంచి కుక్కలకు అంటుకునే దగ్గు జబ్బు) త్వరగా వ్యాపిస్తుంది కనుక, దాని టీకా గురించి వెట్‌ను ఇప్పుడే అడగండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మా తమ్ముడి స్నేహితుడు ఇంట్లో ఉండటానికి ఒప్పుకున్నారు, ఈ వారం నుంచే మాత్ర వేయడం నేర్పుతాను. ఇంకేమైనా మరిచానా?

జవాబు 2:

ఒక్కటి ఉంది. మెడపట్టీ మీద, మైక్రోచిప్ నమోదులో ఉన్నది మీ ఫోన్ నంబరే అయి ఉంటుంది. కొత్త మనిషి తలుపు తీసినప్పుడు కుక్క బయటికి పరుగెత్తితే, దొరికినవారు పిలిచే వేళకు మీరు విమానంలో ఉండవచ్చు. ఆయన నంబరుతో మరో బిళ్ల చేయించి పట్టీకి తగిలించండి, చిప్ నమోదులోనూ దానిని రెండో నంబరుగా చేర్పించండి.