అప్‌డేట్: స్కూల్ జిమ్‌లో రాత్రి ఆశ్రయం

ఇల్లు లేని కుటుంబాలకు మా అబ్బాయి స్కూల్ జిమ్‌ను, అంటే ఆటల హాలును, రాత్రిపూట పడుకోవడానికి ఇస్తే పిల్లలకు ఇబ్బందేమో అని అడిగాను కదా. శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలోని బ్వేనా విస్టా హోరేస్ మాన్ స్కూల్ సంగతి చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్. నా టెన్షన్ సగం అక్కడే తగ్గింది.

అక్కడ ఇలాంటి రాత్రి ఆశ్రయమే 2018 నవంబరులో మొదలైంది. సాయంత్రం స్కూల్ పనులన్నీ అయ్యాక కుటుంబాలు వస్తాయి, పొద్దున పిల్లలు వచ్చేలోపు జిమ్ ఖాళీ అవుతుంది. మొదలుపెట్టి నడిపింది టీచర్లు కాదు, డొలోరెస్ స్ట్రీట్ అనే సేవా సంస్థ. మొదట ఆ స్కూల్ కుటుంబాలకే అన్నారు, వచ్చినవాళ్లు తక్కువ. 2019లో నగరంలోని మిగతా ప్రభుత్వ స్కూళ్ల వాళ్లకూ అవకాశమిచ్చారు. తోటి తల్లిదండ్రుల కంట పడటం ఎవరికైనా కష్టమే కదా, ఆ మార్పు సరైనదనే నా అభిప్రాయం.

మా స్కూల్ మీటింగ్‌లో తాళాలు ఎవరి దగ్గరుండాలి, బాత్రూములు ఎవరు కడగాలి అనే చర్చే చాలాసేపు నడిచింది. అప్పుడు ఒకావిడ లేచి, తన కూతురు కారు వెనక సీట్లో ఫోన్ లైటు పెట్టుకుని హోంవర్క్ చేస్తోందని చెప్పింది. ఆ పాప మావాడి క్లాసే. నేను సరేనని చెయ్యెత్తాను.

ఈ చలికాలానికి ఒప్పుకున్నారు. స్నానాలకు షవర్లు మాత్రం లేవు, వాటి కోసం స్కూల్ బోర్డుకు ఉత్తరం రాస్తున్నాం.