1983 నాటి మొబైల్ హోమ్, 12 వేల డాలర్లు: అద్దెకివ్వడానికి కొనొచ్చా?

బావిగట్టు: శాన్ ఆంటోనియో బయట ఒక మొబైల్ హోమ్ పార్కులో 14 × 66 అడుగుల సింగిల్‌వైడ్ (ఒకే ముక్కగా లాక్కొచ్చి నిలిపే సన్నటి ఇల్లు), 1983 తయారీ. అడుగుతున్నది 12,000. లాట్ రెంట్, అంటే ఇల్లు నిలిపిన స్థలానికి పార్కుకు కట్టేది, నెలకు 550. అటువైపు ఇలాంటివి 1,100కి అద్దెకు పోతున్నాయి. నెలకు 550 మిగిలితే రెండేళ్లలోపే డబ్బు వెనక్కొచ్చేస్తుంది కదా. ఎక్కడ పొరబడుతున్నాను?

నట్టుబోల్టు: ముందు హడ్ ట్యాగ్ (కేంద్ర గృహ శాఖ ప్రమాణాల ప్రకారం కట్టారని చెప్పే లేబుల్) ఉందో లేదో చూడండి. హిచ్‌కి (బండికి తగిలించి లాగే కొక్కేనికి) అవతలి చివర, బయటి గోడ మీద ఎర్రటి చిన్న రేకు, రెండంగుళాలకు నాలుగు. 1976 జూన్ 15 నుంచి తయారైన ప్రతి సెక్షన్‌కీ ఉండాలి. సైడింగ్ (బయటి గోడ తొడుగు) మార్చినప్పుడు పీకి పారేసి ఉంటే మళ్లీ కొత్తది ఇవ్వరు. ఈ లేబుళ్ల రికార్డులు చూసే ఐబీటీఎస్ అనే సంస్థ నుంచి ధ్రువీకరణ లేఖ మాత్రం తెచ్చుకోవచ్చు. దానికి సీరియల్ నంబర్ కావాలంటే హిచ్ వైపు ఛాసిస్ అడ్డదూలం మీద గుద్ది ఉంటుంది, తుప్పు గీకి చూడాలి.

లెక్కల_చిట్టా: నెలకు 550 మిగలదండీ. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకోండి, అద్దె 12,100. లాట్ రెంట్ మాత్రం ఖాళీ నెలకూ కట్టాల్సిందే, 6,600. ఇన్సూరెన్స్, పన్ను కలిపి 1,200 వేశాను. రిపేర్లకు 1,800. మిగిలేది 2,500. కొనగానే 6,000 మరమ్మతు పెట్టాల్సొస్తే 18,000 మీద 14 శాతం. పార్కువాడు లాట్ రెంట్ 50 పెంచితే ఏడాదికి 600 గోవిందా.

కొత్తపేట: ఆ పార్కులో అద్దెకివ్వనిస్తారా?

చిన్నాన్న_హ్యూస్టన్: 6,000 ఎందుకవుతుందో నేను చెప్తాను. టబ్ పక్కన, వాటర్ హీటర్ దగ్గర, కిటికీల కింద మడమతో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే నేలకు వేసిన పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు పలక) తడికి ఉబ్బిపోయినట్టే. వీటిలో నేలంతా ముందు పరిచేసి దానిమీద గోడలు నిలబెడతారు, కాబట్టి గోడ కింది బోర్డు బయటికి రాదు. గోడ అంచు దాకా కోసి, జాయిస్టులకు (నేల కింది దూలాలకు) పక్కన టూ-బై-ఫోర్ చెక్క ముక్కలు బిగించి, ప్లైవుడ్ వేయాలి. మందం పాతదానికి సరిపోవాలి, లేకపోతే గుమ్మం దగ్గర మెట్టు పడుతుంది.
తర్వాత సింకు కింద చూడండి. బూడిదరంగు పైపు మీద పీబీ2110 అని ఉంటే అది పాలీబ్యుటిలీన్ అనే పాతరకం ప్లాస్టిక్. నీళ్లలోని క్లోరిన్‌కి లోపల్నుంచి పెళుసెక్కి ఫిట్టింగ్ దగ్గర పగులుతుంది. అతుకులేసుకుంటూ కూర్చోకుండా మొత్తం పెక్స్ (ఇప్పటి రకం ప్లాస్టిక్) పైపులకి మార్చేయండి. ఇంటి అడుగున కప్పే పట్టా, బెల్లీ ర్యాప్, ఎక్కడైనా కుండలా వేలాడుతుంటే లీకు అప్పటికే మొదలైంది.

నట్టుబోల్టు: పైపులు సరే. ట్యాగ్ లేకపోతే ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి అప్పు) కష్టం. రేపు కొనేవాడికీ అంతే.

చిన్నాన్న_హ్యూస్టన్: పార్కులో ఉన్న 12 వేల సింగిల్‌వైడ్‌కి లోన్ కోసం ఎవడు తిరుగుతాడు మహానుభావా? నగదు ఇచ్చి తాళాలు తీసుకుంటారు.

నట్టుబోల్టు: నగదైనా నంబరు కావాలి. టీడీహెచ్‌సీఏ (టెక్సస్ గృహ శాఖ) సైట్లో లేబుల్ నంబరో సీరియలో కొడితేనే ఓనరెవరు, తాకట్టుందా, పన్ను బాకీ ఉందా తెలిసేది. పాత బాకీ ఇంటితోపాటే మీ నెత్తికొస్తుంది.

చిన్నాన్న_హ్యూస్టన్: సీరియల్‌తో తెలిసేదానికి మళ్లీ ట్యాగ్ ఎందుకు? మూడోసారి అదే పాట. నేల కుంగిపోతుంటే రేకు ముక్క గురించి గోల!

నట్టుబోల్టు: చదవకుండా ఎగతాళి చేయడం మీకు అలవాటే. సొంత స్థలంలో పెట్టి, స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్‌లో (ఇంటి యాజమాన్య పత్రంలో) రియల్ ప్రాపర్టీగా, అంటే స్థిరాస్తిగా ఎంచుకుని, కౌంటీలో నమోదు చేయించాక అమ్మాలంటే ట్యాగ్ లేకుండా ఎలా?

లెక్కల_చిట్టా: ఆగండాగండి. సొంత స్థలం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆయన అడిగింది పార్కులో ఉన్న ఇల్లు!

నట్టుబోల్టు: నేల లేని ఇల్లు ఆస్తెలా అవుతుంది? నేను మొదట్నుంచీ ఆస్తి గురించే మాట్లాడుతున్నా.

లెక్కల_చిట్టా: నేను మొదట్నుంచీ వ్యాపారం గురించి. ఇది పాత కారు కొని ట్యాక్సీ తిప్పడం లాంటిది. ధర పెరుగుతుందని ఆశ లేదు, ఆగిపోయేలోపు ఎంత లాగామన్నదే లెక్క.

చిన్నాన్న_హ్యూస్టన్: ట్యాక్సీ అయితే ఇంకో స్టాండుకి పోవచ్చు. నలభై ఏళ్లు దాటిన ఇంటిని చాలా పార్కులు రానివ్వవు. తరలింపు, బ్లాకింగ్ (కింద దిమ్మెలు పేర్చడం), ఇంటిని నేలకు కట్టే కొత్త యాంకర్లు, కరెంటు కనెక్షన్ అన్నీ కలిస్తే కొన్న ధర దాటినా ఆశ్చర్యం లేదు. అంటే పార్కువాడు ఎంత పెంచితే అంతా కట్టాలి. జుట్టు వాడి చేతిలో. నేనైతే 5,000 పైన ఇవ్వను.

కొత్తపేట: మళ్లీ అడుగుతున్నా. అద్దెకివ్వనిస్తారా? ఓనరే ఉండాలని చాలా పార్కుల లీజులో రాసుంటుంది. కొనేవాళ్లను కూడా పార్కు ఆమోదించాలి.

బావిగట్టు: ఇప్పుడే ఆఫీసుకి ఫోన్ చేశా. ఓనరే ఉండాలట, సబ్‌లీజు కుదరదట. మరి అక్కడ అద్దెకున్నవి ఎవరివి అంటే, అవి పార్కువాళ్ల సొంతవేనట.

లెక్కల_చిట్టా: అయితే నా లెక్కంతా చించేయండి.

నట్టుబోల్టు: ఇంతకీ ట్యాగ్ ఉందా?