వంకర ప్లాటుకి గజాలు ఎలా లెక్కకట్టాలి?

కొత్తప్లాటు: వరసగా 30, 40, 50, 60 అడుగుల వైపులున్న ప్లాటు చూశాం. ఎదురెదురు వైపుల సగటు తీసి 40 ఇంటూ 50, అంటే 2000 చదరపు అడుగులు, 222 గజాలంటున్నాడు మధ్యవర్తి. సరేనా? ప్రహరీకి ఎన్ని ఇటుకలు పడతాయో కూడా చెప్పండి, గేటుకి 10 అడుగులు వదలాలి.

గోదారోడు: అయ్యో, ఆగండి! మేమూ ఇలాగే మునిగాం. అచ్చంగా దీర్ఘచతురస్రమైతే తప్ప ఆ సగటు లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక కొలిపిస్తే 11 గజాలు తక్కువ, మా ఆవిడ ప్రతి పండక్కీ గుర్తుచేస్తుంది.

గొలుసుతాత: 22 ఏళ్ళు సర్వే గొలుసు లాగినవాణ్ణి. నాలుగు వైపులు చెబితే వైశాల్యం రాదు నాయనా, మూల నుంచి మూలకి టేపు పట్టాలి.

కొత్తప్లాటు: పట్టాం తాతగారూ. 30, 40 ఒక పక్క, 50, 60 ఒక పక్క పడేలా పడితే 50 వచ్చింది.

గొలుసుతాత: 30-40-50 లంబకోణం, 30×40లో సగం 600. రెండోది 50-50-60, చుట్టుకొలతలో సగం 80, అందులోంచి ఒక్కో వైపు తీసేస్తే 30, 30, 20. 80×30×30×20కి వర్గమూలం 1200. మొత్తం 1800, తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 200 గజాలు.

రైతుబిడ్డ: అంటే నాలుగు సెంట్ల పైన. సెంటు 48 గజాలేగా.

గొలుసుతాత: 48.4! ఆ పాయింట్ నాలుగు వదిలేస్తే ఎకరానికి 40 గజాలు పోతాయి.

ఓరుగల్లు: సెంట్లెవరికి కావాలన్నా, గుంటల్లో చెప్పండి. గుంటకి 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు, పాయింట్ల గోలే లేదు.

రైతుబిడ్డ: మా ఊళ్ళో గుంటంటే నీళ్ళుండేది.

ఓరుగల్లు: వెటకారాలు వద్దు, లెక్క తప్పింది మీకే.

ట్యూషన్‌టీచర్: కొట్టుకోకండి. చుట్టుకొలత ఎక్కువుంటే స్థలం ఎక్కువని మా బావగారు 20×70 కొన్నారు. చుట్టూ 180 అడుగులకి 1400 చదరపు అడుగులే వచ్చాయి, అదే 180కి 45×45 అయితే 2025 వచ్చేవి. నేను పదిసార్లు చెప్పా, వింటేగా.

గోదారోడు: గుండ్రంగా అయితే 2578 వస్తాయి మేడమ్, వాస్తు వాళ్ళే ఊరుకోరు.

కొత్తప్లాటు: ఇటుకలు?

రైతుబిడ్డ: ముందు తూర్పు ముఖమేనా చెప్పండి.