వేరు వదిలే రసం: మొక్క ఇష్టమా, బ్యాక్టీరియా మాటా?

మిద్దెటమాటా (మల్కాజిగిరి): నర్సరీ ఆయన బాసిల్లస్ అనే బ్యాక్టీరియా పొడి పొట్లం చేతిలో పెట్టి, "ఇది వేస్తే వేరు వదిలే రసమే మారిపోతది మేడం" అన్నాడు. వేరు ఏం వదలాలో కంటికి కనపడని పురుగులు చెబుతాయా? మా ఆయన ఒకటే నవ్వు.

చల్కనేల: ఆయన నవ్వింది కరెక్టే అక్కా. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో ఎర్ర చల్కల మీద చేసిన పని 1990లో అచ్చయింది. ఆ నేలల్ల భాస్వరం ఇనుముకు అతుక్కొని ఉంటది. కంది వేరు పిసిడిక్ ఆమ్లం వదిలి ఇనుమును పట్టేస్తది, భాస్వరం ఊడొస్తది. జొన్నకు అది అంతగా చేతకాదు. మట్టి ఒక్కటే అయినప్పుడు తేడా విత్తనానిదే కదా?

అలసంద: అన్నా, అది రెండు పంటల మధ్య తేడా. అక్క అడిగింది ఒక్క టమాటా గురించి. 2020లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ సంస్థ వాళ్లు టమాటా వేళ్లను రెండు పాయలు తీసి వేరువేరుగా పెట్టారు. మట్టి సూక్ష్మజీవులను ఒక పాయకే అంటించారు. అవి తగలని రెండో పాయ కూడా వదిలే రసాలు మార్చేసింది! బాసిల్లస్ రకం బ్యాక్టీరియా తగిలితే ఎసైల్ చక్కెరలు (కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న చక్కెరలు) వదిలింది. కబురు మొక్క ఒంట్లోంచే పోయిందన్నమాట.

చల్కనేల: సూశినవా, "మొక్క ఒంట్లోంచే" అని నువ్వే అన్నవ్. రసం తయారు చేసేది మొక్కే.

అలసంద: వండేది అమ్మే. చుట్టం వస్తే కూర మారదా?

చల్కనేల: 😀 సరే, ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఆ చుట్టం పొట్లంలో వస్తడా అన్నదే నా గొడవ.

మిద్దెటమాటా: అయితే వేయాలా, వద్దా?

అలసంద: ఇక్కడ మాత్రం నేను అన్న పక్షమే. మీరు మొక్క పెంచే సంచిలో పశువుల ఎరువు ఉంటే గ్రాముకే కోట్ల బ్యాక్టీరియా ముందే తిష్ట వేసుంటుంది. కొత్తది వాటి మధ్య నిలదొక్కుకోవాలిగా.

చల్కనేల: రెండు సంచులు పెట్టు అక్కా, ఒకే నారు. ఒకదానికి పొడి. రెండోదానికి అదే పొడిని నీళ్లల్ల కలిపి, కుక్కర్‌ల ఉడికించి చంపి పొయ్యి. ఒట్టి నీళ్లు పోస్తే లాభం లేదు, పొడిలో ఉన్న పోషకాలు కూడా పనిచేస్తయ్ కదా. రెండు విజిల్స్‌కు దించొద్దు, బాసిల్లస్ బీజాలు (గట్టి పెంకుతో నిద్రపోయే రూపం) మొండివి. సన్న మంట మీద అరగంట.

మిద్దెటమాటా: పాత మూడు లీటర్లది ఉంది, గ్యాస్కెట్ వదులు. నడుస్తుందా?

చల్కనేల: ఆవిరి పోతే అవి చావవు. కొత్త గ్యాస్కెట్ వేయించు.